మూడు మోటారుసైకిళ్ళు ఉన్నచోట నాలుగోదానికి పని ఉంటుందా?

ప్రశ్న – దారిబత్తెం

నా దగ్గర ప్రస్తుతం మూడు మోటారుసైకిళ్ళు ఉన్నాయి. మొదటిది 125 సీసీ బండి. రోజూ పనికి వెళ్ళిరావడానికి, సామాన్లు తెచ్చుకోవడానికి, ఇంట్లో మరొకరికి అవసరమైతే తాళం చేతికివ్వడానికి అదే. రెండోది కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న పాత 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి. దానికి సెల్ఫ్ లేదు, కిక్ కొట్టి స్టార్ట్ చేయాలి, సెలవురోజు పొద్దున్నే తొందర లేనప్పుడు బయటికి తీస్తాను. మూడోది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 400 సీసీ స్పోర్ట్స్ బండి. మంచి రోడ్డు దొరికితే మలుపుల్లో అది ఇచ్చే ఆనందం మిగతా రెండూ ఇవ్వలేవు. కానీ ముందుకు వంగి కూర్చోవలసిన ఆ భంగిమలో దూరప్రయాణం కష్టం, ట్రాఫిక్‌లో అంతకన్నా కష్టం.

ఇప్పుడు 21 అంగుళాల ముందు చక్రం, పొడవాటి సస్పెన్షన్ ఉన్న అడ్వెంచర్ బండి ఒకటి తీసుకోవాలన్న కోరిక బలంగా ఉంది. తారు రోడ్డు ఆగిపోయినచోట నా మూడు బండ్లూ ఆగిపోతున్నాయి, అక్కడినుంచి ముందుకు వెళ్ళాలన్నదే ఆ కోరికకు కారణం. అయితే ఉన్న మూడింటిలోనే స్పోర్ట్స్ బండి వారాల తరబడి కవరు కింద ఉండిపోతోంది కనుక, నాలుగోదాన్ని కూడా తెచ్చి అలాగే నిలబెడతానేమోనన్న సందేహం వదలడం లేదు.

ఒకటికి మించి బండ్లు ఉన్నవారు ఏ బండిని దేనికి వాడుతున్నారో, ఆ విభజన ముందే అనుకుని చేసుకున్నదో లేక వాడకంలో దానంతటదే ఏర్పడిందో తెలుసుకోవాలని ఉంది. తక్కువగా తిరిగే బండిని వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచితే చాలునని కొందరంటారు, అది నిజమేనా? ఒక బండి దిగి మరో బండి ఎక్కినప్పుడు చేతులూ కాళ్ళూ తడబడకుండా ఎలా చూసుకుంటున్నారు?

జవాబు – ఇరుసు

మీరు రాసినదాన్నే మరొకసారి చదివి చూడండి. మొదటి బండి గురించి రాసినప్పుడు దాని పనులు చెప్పారు, రెండోదాని గురించి రాసినప్పుడు దానికి మీరు కేటాయించిన సమయం చెప్పారు, మూడోదానికి వచ్చేసరికి మాత్రం మంచి రోడ్డు దొరికితే అన్న షరతు పెట్టారు. షరతు తీరితేనే కదిలే బండి ఎంత మంచిదైనా కవరు కిందికే చేరుతుంది.

ఒక బండిని ఉంచుకోవాలా వద్దా అన్నది దాని ఇంజన్ పరిమాణాన్ని బట్టో రూపాన్ని బట్టో కాకుండా, మిగతా బండ్లు చేయలేని పని అది ఏది చేస్తోంది అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలని నా అభిప్రాయం. ఒకే పనికి రెండు బండ్లు ఉంటే, వాటిలో బయటికి తీయడం సులువైనదే ప్రతిసారీ వెళుతుంది. ఇందులో మన ఇష్టానికి ఉన్న పాత్ర చాలా తక్కువ. గేటుకు దగ్గరగా నిలబెట్టిన బండి, తాళంచెవి చేతికందే చోట ఉన్న బండి, సెల్ఫ్ నొక్కగానే పలికే బండి ముందుగా కదులుతాయి. మరో రెండింటిని పక్కకు జరిపితే తప్ప బయటికి రాని బండిని ఎంత ఇష్టపడి కొన్నా తీయడం తగ్గిపోతుంది. అందుచేత తక్కువగా తిరుగుతున్న బండిని గేటు వైపు నిలబెట్టడం మీరు ఈరోజే చేయగలిగిన పని.

నా దగ్గర కూడా మూడే ఉన్నాయి, పనుల విభజన ముందే అనుకుని చేసుకున్నాను. ఒకటి చిన్న స్టెప్‌త్రూ బండి, అంటే సీటు ముందు కాలు దాటించి ఎక్కేలా ఖాళీ ఉన్నది. ఈ తరహా బండ్లకు మూలమైన హోండా సూపర్ కబ్ 1958లో వచ్చింది, 2017 నాటికి దాని ఉత్పత్తి 10 కోట్లు దాటింది. ప్రపంచంలో మరే మోటారు వాహనమూ అన్ని తయారు కాలేదంటే దానికి కారణం వేగమో శక్తో కాదు, ఎవరైనా ఎక్కి నడపగలగడం, క్లచ్ లివర్ లేకపోవడం, కొద్దిపాటి పెట్రోలుతో ఎక్కువ దూరం వెళ్ళడం. నా మొత్తం కిలోమీటర్లలో సింహభాగం ఆ చిన్న బండిదే. ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి: చాలామంది పెద్ద బండికి ఖరీదైన టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు వేయించి, రోజూ తిరిగే చిన్న బండిని అరిగిన టైర్లతోనే నడిపిస్తారు. రద్దీలో, వానలో, రాత్రివేళ అలసటలో మనల్ని మోసేది ఆ చిన్న బండే కనుక, ముందుగా మంచి టైరు పడవలసింది దానికే.

రెండోది షాఫ్ట్ డ్రైవ్ (చైన్ బదులు ఇరుసుతో వెనక చక్రాన్ని తిప్పే ఏర్పాటు) ఉన్న బరువైన టూరర్. దాన్ని ఏడాదిలో తక్కువసార్లే తీస్తాను, కానీ తీసినప్పుడల్లా రోజుల తరబడి తిరుగుతుంది. చైన్ లేదు కనుక దారిలో చైన్ శుభ్రం చేయడం, ఆయిల్ పట్టించడం, బిగువు చూడటం ఉండవు. సామాన్ల పెట్టెలు పెట్టి, వెనక ఒకరిని కూర్చోబెట్టుకున్నా బండి తూకం చెడదు. మూడోది తేలికైన 250 సీసీ మట్టిదారి బండి. తారు లేనిచోట పడిపోవడం మామూలు విషయం, పడ్డ బండిని ఒంటరిగా లేపగలగడం అక్కడ అన్నిటికన్నా ముఖ్యం.

మీ నాలుగో బండి విషయానికి వస్తే, 1980లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ తారు మీద దూరాలు వెళ్ళే పెద్ద బండిని మట్టిదారికి కూడా పనికొచ్చేలా తయారుచేసి ఈ తరగతికి దారి వేసింది. ఇప్పుడు ఆ తరగతిలో 200 కిలోలు దాటినవే ఎక్కువ. 21 అంగుళాల చక్రం రాళ్ళ మీద, గుంతల మీద సులువుగా ఎక్కి దిగుతుంది, కానీ తారు మలుపుల్లో మీ స్పోర్ట్స్ బండి 17 అంగుళాల చక్రంలాగా చురుగ్గా తిరగదు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ దగ్గర నిజంగా లేనివి రెండు పనులు: దూరప్రయాణం, మట్టిదారి. మధ్యస్థమైన బరువున్న అడ్వెంచర్ బండి ఆ రెండిటినీ తీసుకోగలదు కనుక దానికి పని ఉంటుంది. అయితే అది వచ్చాక స్పోర్ట్స్ బండికి ఇప్పుడున్న కాస్త అవకాశం కూడా పోతుంది. అందువల్ల దాన్ని నాలుగోదిగా కాక మూడోదాని స్థానంలో తీసుకోవడమే మంచిదని నేననుకుంటాను.

ఇంకొక లెక్క కూడా వేసుకోండి. సర్వీసు గడువును తయారీదారులు ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, వీటిలో ఏది ముందైతే అది అని ఇస్తారు. ఒకే బండి ఉన్నవారికి సాధారణంగా కిలోమీటర్లు ముందు పూర్తవుతాయి. అవే కిలోమీటర్లను నాలుగు బండ్లకు పంచితే ప్రతి బండికీ నెలలే ముందు పూర్తవుతాయి. అంటే మీరు నడిపే దూరం పెరగకపోయినా ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్ నాలుగింటికీ మార్చవలసిందే. బీమా కూడా అంతే, బండి తిరిగినా నిలబడినా కట్టవలసిందే. బండి సంఖ్య పెంచేటప్పుడు కొనే ధర కన్నా దీన్నే ఎక్కువగా ఆలోచించాలి.

జవాబు – పాతఇంజను

ఇరుసు గారు చెప్పిన చాలా విషయాలతో ఏకీభవిస్తాను, పని అన్న మాటకు ఆయన ఇచ్చిన అర్థం ఒక్కటి నాకు ఇరుకుగా అనిపించింది. నా దగ్గర ఉన్న పాత టూ స్ట్రోక్ బండి, దానికన్నా పాతదైన ఫోర్ స్ట్రోక్ సింగిల్ ఏ ప్రయాణానికీ తప్పనిసరి కావు. వాటిని విప్పి, శుభ్రం చేసి, ఇగ్నిషన్ పాయింట్ల మధ్య సందు సరిచేసి, కార్బ్యురేటర్ ట్యూన్ చేసి, ఆ ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా) నిలకడగా కొట్టుకుంటుంటే వినడం కోసమే ఉంచుకున్నాను. అది కూడా వాడకమే అని నమ్ముతాను. కాకపోతే అలాంటి బండిని నిలబెట్టడానికి, వదిలేయడానికి మధ్య తేడా తెలిసి ఉండాలి. మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచడం బండికి మేలు చేయదు, చాలాసార్లు కీడే చేస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజనూ సైలెన్సరూ పూర్తిగా వేడెక్కి ఉంటే ఆ ఆవిరి ఆవిరిగానే బయటికి పోతుంది. చల్లగా ఉంటే సైలెన్సర్ లోపలి గోడల మీద నీరై నిలిచి తుప్పు పట్టిస్తుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారిన ఆవిరి, మండని పెట్రోలు క్రాంక్‌కేసులోని (ఇంజన్ అడుగు భాగంలోని) ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ చూసే గాజు మీద, మూత లోపలివైపు పాలరంగు నురగ కనిపిస్తే అది ఆ తేమే. ఆయిల్ కూడా పూర్తిగా వేడెక్కేంత దూరం, అంటే కనీసం ఇరవై ముప్పై నిమిషాలు రోడ్డు మీద నడిపితేనే ఆ తేమ ఆవిరై పోతుంది. అంత సమయం లేనివారు స్టార్ట్ చేయకుండా వదిలేయడమే బండికి మంచిది.

బ్యాటరీ సంగతీ అలాంటిదే. సెల్ఫ్ తిరగడానికి బ్యాటరీ పెద్ద మొత్తంలో కరెంటు ఇస్తుంది, చాలా బండ్లలో ఐడిల్ వేగం దగ్గర ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు హెడ్‌లైటుకీ ఇగ్నిషన్‌కీ బొటాబొటిగా సరిపోతుంది. కాబట్టి అయిదు నిమిషాల తర్వాత బ్యాటరీ ముందుకన్నా తక్కువ చార్జితోనే ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని చార్జి చేసి కొన్ని గంటలు ఊరకే ఉంచాక మల్టీమీటరు పెడితే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. 12.4 కన్నా దిగి అలాగే ఉండిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడటం మొదలవుతుంది, 12 దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ అయినట్టే. కొత్త బండ్లలో గడియారం, అలారం, ట్రాకర్ వంటివి తాళం తీసేసినా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. నిండాక దానంతటదే తగ్గించుకునే చార్జరు ఒకటి ఉంటే దాన్ని బండ్ల మధ్య మార్చుకుంటూ పెట్టవచ్చు, ప్రతి బండికీ ఒకటి అవసరం లేదు. అదీ లేకపోతే నెగెటివ్ వైరు విప్పి ఉంచినా సగం సమస్య తీరుతుంది.

మీ 350కి అసలు శత్రువు నిలవ ఉన్న పెట్రోలు. పెట్రోలులోని తేలికైన భాగాలు ముందుగా ఎగిరిపోతాయి, మిగిలినది ఫ్లోట్ బౌల్‌లో (కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో) జిగురుగా, ఆ తర్వాత వార్నిష్‌లా గట్టిపడుతుంది. ఐడిల్‌లో పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటుంది, అది మూసుకుపోవడానికి ఎక్కువ జిగురు అక్కర్లేదు. చోక్ (చల్లటి ఇంజనుకు పెట్రోలు పాలు పెంచే మీట) ఉంటేనే నడుస్తూ, చోక్ తీయగానే ఆగిపోతుంటే ముందుగా చూడవలసింది ఆ జెట్‌నే. ఇథనాల్ కలిసిన పెట్రోలు అయితే గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి పొరగా విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. కార్బ్యురేటర్‌కు ముందు అందేది ఆ పొరే. అందుకే కొన్ని వారాలు నిలబెట్టాలనుకున్నప్పుడు పెట్రోలు కాక్ మూసి, ఫ్లోట్ బౌల్ కింది స్క్రూ వదులు చేసి అందులోని పెట్రోలు దింపేస్తాను. ఇనుప ట్యాంకును మాత్రం తాజా పెట్రోలుతో నిండా నింపి ఉంచుతాను. లోపల గాలికి చోటు తగ్గితే తేమ పట్టడమూ తగ్గుతుంది. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు గాలి తగలకుండా ఉంటుంది కనుక మరికొంత కాలం ఓర్చుకుంటుంది, అయినా నెలల తరబడి అదే పెట్రోలును ఉంచడం పంపుకూ ఇంజెక్టరుకూ మంచిది కాదు.

చాలాకాలం నిలబడిన బండి క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్టార్ట్ చేయకముందే గేరులో వేసి, క్లచ్ పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోతాయి. అలా చూడకుండా స్టార్ట్ చేసి గేరు వేస్తే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆయిల్ వేరే ట్యాంకులో ఉండే డ్రై సంప్ ఇంజన్లలో అయితే, నిలబడి ఉండగా ఆయిల్ పంపు సందుల్లోంచి కిందికి దిగి క్రాంక్‌కేసు నిండుతుంది. అలాంటి బండి ట్యాంకులో ఆయిల్ తక్కువగా కనిపించిందని వెంటనే పైనుంచి పోయకూడదు, ముందు కింద చేరినదాన్ని దింపి కొలవాలి.

టైర్లు అరగకపోయినా ముసలివవుతాయి. టైరు పక్కగోడ మీద చివర ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. తక్కువ తిరిగే బండి టైరులో గాట్లు లోతుగానే ఉంటాయి, కానీ రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు పోతుంది. అయిదేళ్ళు దాటినప్పటినుంచి ఏటా పరిశీలించి, పదేళ్ళు నిండితే చూడటానికి ఎంత బాగున్నా మార్చాలి. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చు. రెండేళ్ళకోసారి మార్చమనడానికి కారణం ఇదే, బండి ఎంత తిరిగిందన్నదానితో దానికి సంబంధం లేదు.

ఇన్ని చూడవలసి వస్తుంది కనుకనే, బండి దగ్గర కూర్చుని చేతులు మురికి చేసుకోవడం ఇష్టపడేవారికి ఎక్కువ బండ్లు ఆనందాన్నిస్తాయి. ఆ ఇష్టం లేనివారికి ప్రతి అదనపు బండీ చేయకుండా మిగిలిపోయిన పనుల జాబితా అవుతుంది. మీరు ఈ రెంటిలో ఏ వైపు ఉన్నారో మీకే తెలియాలి.

జవాబు – ఒకేబండి

వేరే అభిప్రాయం కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. నేను మధ్యస్థమైన ఒక్క బండితోనే రోజువారీ పనులు, దూరప్రయాణాలు, మామూలు మట్టిదారులు నడుపుతున్నాను. తారుకూ మట్టికీ పనికొచ్చే టైర్లు, విప్పి పెట్టుకోగలిగే సామాన్ల సంచులు, ఎదురుగాలిని ఆపే, ఎత్తు మార్చుకోగలిగే ముందు అద్దం ఉంటే ఒక్క బండే వేర్వేరు పనులకు తయారవుతుంది. ఏ పనిలోనూ అది అందరికన్నా ముందుండదు, నిజమే. కానీ దాని బ్రేకు ఎక్కడ పట్టు అందుకుంటుందో, ఏ వేగంలో ఏ గేరు హాయిగా ఉంటుందో, ఏ శబ్దం మామూలుదో ఏది కాదో నాకు ఆలోచించకుండానే తెలుసు. ఆ చనువును నాలుగు బండ్ల మధ్య పంచితే ఏ బండితోనూ అంత గాఢంగా ఏర్పడదని నా భయం. వారంలో మీకు నడపడానికి ఎన్ని గంటలు దొరుకుతాయో ముందు చూసుకుని, బండ్ల సంఖ్యను దానికి లోబడి ఉంచుకోవాలని నా సలహా.

జవాబు – మలుపుదారి

నేను కొత్తవారికి బండి నడపడం నేర్పుతుంటాను, అందుచేత మీ మూడో ప్రశ్న గురించే రాస్తాను. దీనికి రావలసినంత శ్రద్ధ రావడం లేదని నాకు అనిపిస్తుంది.

మామూలుగా నడుపుతున్నప్పుడు బండి మారిన తేడా పెద్దగా ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే మనసు దాన్ని గుర్తుంచుకుంటుంది. ఎదురుగా ఎవరో అకస్మాత్తుగా వచ్చిన క్షణంలో మాత్రం ఆలోచనకు సమయం ఉండదు, కాలూ చెయ్యీ ఎక్కువగా అలవాటైన బండిలో చేసినట్టే చేస్తాయి. పాత బ్రిటిష్ తరహా బండ్లలో గేరు కుడికాలి దగ్గర, వెనక బ్రేకు ఎడమకాలి దగ్గర ఉంటాయి. 1970ల మధ్యలో అమెరికా నిబంధనలు గేరు ఎడమవైపే ఉండాలని తేల్చాక తయారీదారులు క్రమంగా ఒకే పద్ధతికి వచ్చారు. మీ 350 అలాంటి కుడివైపు గేరు బండి అయితే, ప్రమాద క్షణంలో బ్రేకు అనుకుని గేరు తొక్కే అవకాశం నిజంగా ఉంది. రెండు రకాల బండ్లూ ఉన్నవారు కుడివైపు గేరు బండిని రద్దీలోకి తీసుకువెళ్ళకపోవడమే మంచిది.

బ్రేకుల తేడా ఇంకా ముఖ్యం. ముందు డిస్క్ బ్రేకుకు 1969 నాటి హోండా సీబీ 750 విస్తృతంగా ప్రాచుర్యం తెచ్చింది, మోటారుసైకిలు మీద ఏబీఎస్‌ను (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటును) 1988లో బీఎండబ్ల్యూ కే 100 మీద మొదటగా అమ్మకానికి తెచ్చారు. ఈ రెండూ ఉన్న బండి మీద నెలల తరబడి తిరిగినవారు ముందు బ్రేకును గట్టిగా పట్టేయడానికి భయపడరు, అది మంచి అలవాటే. అదే పట్టు ఏబీఎస్ లేని బండి మీద తడి రోడ్డులో పడితే ముందు చక్రం లాక్ అవుతుంది. డ్రమ్ బ్రేకు బండి మీద అయితే ఆగడానికి పట్టే దూరాన్ని తక్కువగా అంచనా వేస్తారు. అందుకని ఏ బండి ఎక్కినా మొదటి కాస్త దూరంలో, వెనక ఎవరూ లేనప్పుడు, తక్కువ వేగంలో ముందు బ్రేకునూ వెనక బ్రేకునూ విడివిడిగా వేసి చూడమని చెబుతాను. ఎంత ఒత్తిడికి ఎంత ఆగుతోందో ఆ రోజుకు చేతికి తెలియాలి.

చాలామంది పట్టించుకోని మరొక తేడా సైడ్ స్టాండు. కొత్త బండ్లలో స్టాండు దించి గేరు వేస్తే ఇంజన్ ఆగిపోతుంది, పాత బండ్లకు ఆ ఏర్పాటు లేదు. ఇంజన్ ఆగుతుందిలే అన్న అలవాటుతో పాత బండి మీద స్టాండు తీయకుండా బయల్దేరితే మొదటి ఎడమ మలుపులోనే అది నేలకు తగిలి పడేస్తుంది. ఇండికేటర్ బొత్తాలు కూడా అన్ని బండ్లకూ ఒకేచోట ఉండవు. కొన్నిటిలో ఎడమ సూచికకు ఎడమచేతి దగ్గర, కుడి సూచికకు కుడిచేతి దగ్గర వేరువేరు బొత్తాలు ఉంటాయి.

వీటన్నిటికీ నేను చెప్పే పద్ధతి ఒక్కటే. ఇంజన్ స్టార్ట్ చేయకముందు బండి మీద కూర్చుని, గేరు, బ్రేకులు, క్లచ్, హారన్, ఇండికేటర్లు, లైటు మార్చే బొత్తం ఒక్కొక్కటిగా చేత్తో కాలితో తాకి చూడండి. దానికి నిమిషం కూడా పట్టదు. మీ బండ్లన్నిటి మీదా క్లచ్ లివర్ వదులునూ, బ్రేకు లివర్ కోణాన్నీ వీలైనంత ఒకేలా ఉండేట్టు సరిచేయించుకుంటే తేడా మరింత తగ్గుతుంది. బరువు, పొడవు, చక్రం కొలత మారినప్పుడు మలుపులో వంగే తీరు కూడా మారుతుంది కనుక, స్పోర్ట్స్ బండి దిగి వెంటనే అడ్వెంచర్ బండి ఎక్కినరోజు మొదటి మలుపులు నిదానంగానే తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు – దారిబత్తెం

అందరికీ కృతజ్ఞతలు. ఇరుసు గారు చెప్పినట్టే స్పోర్ట్స్ బండిని గేటు వైపుకు మార్చాను, వారంలో ఒకరోజు పనికి దానిమీదే వెళ్ళాలని అనుకుంటున్నాను. దారిని కొంచెం పొడిగించి వెళితే ఇంజన్ పూర్తిగా వేడెక్కుతుంది. అడ్వెంచర్ బండిని కొనకముందు అద్దెకు తీసుకుని, తారు లేని దారిలోనే నడిపి, పడుకోబెట్టి లేపి చూస్తాను. అది నాకు సరిపోతుందని తేలితే స్పోర్ట్స్ బండిని అమ్మి దాని స్థానంలో తెస్తాను, మూడు మాత్రం దాటించను. 350ని ఎవరేమన్నా వదలను. పాతఇంజను గారు చెప్పిన ఆనందం ఏమిటో నాకు తెలుసు. దానికి గేరు ఎడమవైపే ఉంది కనుక మలుపుదారి గారు హెచ్చరించిన తడబాటు నాకు లేదు, కానీ సైడ్ స్టాండు సంగతి, డ్రమ్ బ్రేకు సంగతి అక్షరాలా నిజం.

ఒక్క సందేహం మిగిలింది. స్పోర్ట్స్ బండికి ముందున్న యజమాని లిథియం బ్యాటరీ వేయించాడు. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు వాడే చార్జరునే దానికీ పెట్టవచ్చా?

జవాబు – పాతఇంజను

పెట్టకండి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి పనికొస్తుందని చార్జరు మీదే రాసి ఉంటే తప్ప. పాత బ్యాటరీలను బాగుచేయడానికి ఎక్కువ వోల్టేజీని దఫదఫాలుగా పంపే పద్ధతి కొన్ని లెడ్ యాసిడ్ చార్జర్లలో ఉంటుంది, లిథియం సెల్స్‌ను అది పాడుచేస్తుంది. మల్టీమీటరు అంకెలను కూడా వేరుగా చదవాలి: ఊరకే ఉన్నప్పుడు 12.8 వోల్టులు చూపితే లెడ్ యాసిడ్ నిండుగా ఉన్నట్టు, లిథియం మాత్రం చాలావరకు ఖాళీ అయినట్టు. నిండిన లిథియం 13.3 దగ్గర నిలుస్తుంది. దానంతటది చార్జి కోల్పోవడం ఈ రకంలో చాలా తక్కువ కాబట్టి, కొన్ని వారాలు నిలబెట్టేటప్పుడు నెగెటివ్ వైరు విప్పి ఉంచితే మీకు చార్జరు అవసరమే రాకపోవచ్చు. బాగా చలిగా ఉన్న పొద్దుల్లో సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీ పోయిందని అనుకోవద్దు. హెడ్‌లైటు ఒక నిమిషం వెలిగించి ఉంచితే లోపల కాస్త వేడి పుట్టి మళ్ళీ పుంజుకుంటుంది.